గంజి సావడి దగ్గర వంగిన సడక్

కొత్తగా సర్వే ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "నిజాం కాలంలో ఎట్లా కొలిచేవాళ్ళు తాతా?" అని అడుగుతారు. గొలుసుతోనే నాయనా, ఇంకెట్లా కొలుస్తాం? గొలుసు సంగతి ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. నేను రాయాలనుకున్నది అది కాదు. ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఎక్కడికి బదిలీ అయింది అని రాస్తే చదివేవాళ్ళ కంటే ముందు నాకే నిద్ర వస్తుంది. నాకు పని నేర్పిన మనుషులు కొందరున్నారు. నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. అది చెప్తాను, మీకు పనికొస్తుంది.

ముందు కూర్చో

మాది కల్వకుర్తి దగ్గర పట్వారీల ఇల్లు. చిన్నప్పటి నుంచి హద్దురాళ్ళ కొట్లాటలు వింటూ పెరిగాను కాబట్టి, కొలత గురించి నాకు తెలియనిది లేదనే గర్వం ఉండేది. ఆ గర్వాన్ని దించినవాడు మా పై అధికారి ఖాదర్ సాహెబ్. సన్నటి మనిషి, బుగ్గలో పాన్ లేకుండా నేనాయనను చూడలేదు. ఏ ఊరికి పోయినా మొదటి రోజు గొలుసును సంచిలోంచి తీయనిచ్చేవాడు కాదు. "పహలే బైఠో, ఫిర్ నాపో" అనేవాడు. ముందు కూర్చో, కొలవడం తర్వాత అని. పెద్దాయన బద్ధకానికి మంచి మాట దొరికిందని నేను లోపల నవ్వుకునేవాణ్ణి.

ఒకసారి ఆత్మకూరు వైపు నన్నొక్కణ్ణే పంపారు. మంచి వానకాలం. రెండు రోజుల్లో పని ముగించుకుని, కాలరెగరేసుకుని వచ్చాను. కోతలు మొదలైనాక తెలిసింది. గడ్డి మొలిచిన ఒక బండ్లబాటను నేను పక్క రైతు చేనులో కలిపేశాను. ఆ బాట ఏడాదికి ఒక్క నెలే, కోతలప్పుడే నడుస్తుంది. బండ్లు ఆగాయి, మాటామాటా పెరిగింది, ఒక ముసలాయన తల పగిలింది. ఖాదర్ సాహెబ్ నన్ను తిట్టలేదు. దవాఖానకు తీసుకుపోయి ఆ ముసలాయన మంచం పక్కన కూర్చోబెట్టాడు. "నీ గొలుసుది తప్పు కాదు. నువ్వు వానకాలంలో పోయి వానకాలాన్ని మాత్రమే కొలిచి వచ్చావు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

బుద్ధి వచ్చిందనుకున్నాను. పూర్తిగా రాలేదని చెప్పడానికే మిగిలినదంతా రాస్తున్నాను.

ఎవరిదీ కాని ఇల్లు

పోలీసు చర్యకు ఆరేడేళ్ళ ముందు మాట. నన్ను నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా ఊరికి వేశారు. ఊరి పేరు రాయను, వాళ్ళ మనవలూ మనవరాళ్ళూ ఇంకా అక్కడే ఉన్నారు. నాకప్పటికి పెళ్ళి కాలేదు. వండిపెట్టడానికి మా అమ్మ వచ్చి నాతోపాటు కిరాయి ఇంట్లో ఉండేది.

ఊరి నడిబజారులో రాతి స్తంభాలతో ఒక పొడుగాటి సావడి ఉండేది. గంజి సావడి అనేవాళ్ళు. ముసలివాళ్ళు పుట్టకముందు ఎప్పుడో పెద్ద కరువు వస్తే, అందులో పొయ్యిలు పెట్టి జనానికి గంజి పోశారట. మొదట ఏ కులం వాళ్ళను ఆ వరుసలో కూర్చోబెట్టారట. నెల తిరిగేసరికి వరుసలు చూసుకునే ఓపిక ఎవరికీ లేకపోయిందట. కరువు పోయింది. సర్కారు సావడిని మరిచిపోయింది. జనం మాత్రం ఒక్క సంగతి మరిచిపోలేదు. ఆ కప్పు కింద 'నువ్వెవరు' అని అడగకూడదు. ఊళ్ళో ఇంకెక్కడైనా అడగవచ్చు, అడిగేవాళ్ళు కూడా. సావడిలో అడగకపోవడం ఆ ఊరి మర్యాద.

పొద్దున అక్కడ బడి నడిచేది. మధ్యాహ్నం సాలెవాళ్ళు పడుగులు సరిచేసుకునేవాళ్ళు. ఒక మూల ఊరందరి పెళ్ళిళ్ళకు పనికొచ్చే పెద్ద పెద్ద గంగాళాలు బోర్లించి ఉండేవి. అంగడి రోజున మాత్రం సావడి ఆడవాళ్ళది. అంగడి రోజున సావడి అంటే మరియమ్మ.

మరియమ్మ మంత్రసాని. ఊరవతల వాడలో ఉండేది, వాళ్ళు రెండు తరాల కిందట కిరస్తానంలో కలిసినవాళ్ళు. బజారులో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. కాన్పు సమయంలో ఆమె ఎవరింట్లోకైనా పోవచ్చు. బిడ్డ బయటపడి ఆమె గడప దాటగానే ఇల్లంతా కడుక్కునేవాళ్ళు. ఆ తర్వాత తల్లికి జ్వరమొచ్చినా, బిడ్డ పాలు తాగకపోయినా ఆమె ఇంట్లోకి రాకూడదు, వీళ్ళు వాడకు పోకూడదు. అందుకని అంగడి రోజున తల్లులు పిల్లల్ని ఎత్తుకుని సావడికి వచ్చేవాళ్ళు. మరియమ్మ ఆముదం రాసి పిల్లల ఒళ్ళు పట్టేది, బొడ్డు చూసేది. మొగుడికీ అత్తకూ చెప్పుకోలేని రోగాలు ఆమె చెవిలో చెప్పుకునేవాళ్ళు. ఆమెకూ వాళ్ళకూ కలిపి ఒకే కప్పు ఉండేది ఆ ఊళ్ళో. అది సావడి కప్పు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మొదట నేను చూసింది రాతి స్తంభాలనే.

నా తెలివి

జిల్లాకు కొత్తగా వచ్చిన తాలూక్దారు, అంటే ఇప్పటి కలెక్టరు, మంచివాడే. మర్యాదస్తుడు, ఎవరినీ కసురుకునేవాడు కాదు. ఆయనకు ఉన్నదల్లా ఒకటే పిచ్చి, సడక్ సూటిగా ఉండాలి. ఈ ఊరి బజారును పట్నం లెక్కన చెయ్యాలని, నడుమ చౌరస్తా, దాంట్లో గడియారం, రెండు వైపులా పక్కా దుకాణాలు కట్టాలని ముచ్చటపడ్డాడు. గీత గీసి పంపాడు. గీత సరిగ్గా సావడి నడుమ నుంచి పోయింది. నేను కొలిచి నక్షా వెయ్యాలి.

నా గొలుసు పట్టే మల్లయ్య సావడి మెట్ల దగ్గర కొలత జెండా పాతగానే ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. సాయంత్రం వీరేశం సేటు మా ఇంటికి వచ్చాడు. బజారులో పెద్ద దుకాణం ఆయనది. చౌరస్తా వస్తే అందరికంటే లాభపడేదీ ఆయనే.

"సర్వేరు సాబ్, గా సావడి దిక్కు మల్లకుంట ఏమన్న ఉపాయం ఉన్నదా?" అని అడిగాడు.

"గీత వంగితే మీ దుకాణం అరుగు పోతుంది సేటూ."

"పోనియ్యిరి. అరుగు మల్ల కట్టుకుంట. సావడి ఎవడు కడ్తడు?"

ఆ మాటకు నా మనసు కరిగింది. కరిగిన మనసుతో పాటు నా అతితెలివి కూడా పొంగింది. మా శాఖలో ఒక పద్ధతి ఉండేది. సడక్ దారిలో గుడి గానీ మసీదు గానీ ఉంటే ముట్టుకోరు, లైను పక్కకు వంచుతారు. అది ఊరికే తెలిసిన సంగతే అన్నట్టుగా సేటు చెవిన వేశాను. సేటు మంచినీళ్ళు తాగి లేచిపోయాడు.

మూడో రోజు పొద్దున్నే మల్లయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. నవ్వు ఆపుకోలేక నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"సాబ్, నేను జెండా పాతిన కాడ దేవుడు మొలిసిండు!"

పోయి చూస్తే, సావడి లోపల తూర్పు గోడకు నిలువెత్తు రాయి, దానికి సింధూరం, పూలదండ. ఆంజనేయస్వామి స్వయంభువుగా వెలిశాడట. పక్క ఊరి నుంచి ఒక పంతులు కూడా వెలిశాడు. నేను గంభీరంగా దండం పెట్టుకుని, నక్షాలో ఆ జాగాలో 'గుడి' అని రాసి, గీతను వంచాను. ఇంటికొచ్చి మా అమ్మతో, "ఇయ్యాల ఒక ఊరి సావడిని కాపాడిన" అని చెప్పుకుని రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

మెట్టు మీద మరియమ్మ

ఆ వారం అంగడి రోజున బజారులో పోతూ చూశాను. మరియమ్మ ఆముదం బుడ్డి పక్కన పెట్టుకుని సావడి బయట, చివరి మెట్టు మీద ఎండలో కూర్చుని ఉంది. లోపల గంట మోగుతోంది. ఒకరిద్దరు తల్లులు పిల్లల్ని ఎత్తుకొచ్చి, అటు దేవుణ్ణీ ఇటు ఆమెనూ చూసి, ఏం చెయ్యాలో తెలియక వెనక్కి పోతున్నారు. ఒక సాలెల పిల్ల మాత్రం కొంగు నెత్తిన కప్పుకుని, బిడ్డతో ఆమెకు జానెడు దూరంలో నిలబడి దొంగతనంగా మాట్లాడుతోంది.

దేవుడు వచ్చాడు కాబట్టి సావడి గుడి అయింది. గుడి అయింది కాబట్టి 'నువ్వెవరు' అనే ప్రశ్న లోపలికి వచ్చి కూర్చుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా, ఇక్కడ దేవుణ్ణి ఎవరూ అడగనే లేదు. పంతులు ఆమెను మెట్టు దగ్గరే ఆపేశాడు.

నేను నిలబడిపోయాను. ఆమె నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"నువ్వేనట గదా అయ్యా, ఉపాయం జెప్పింది? మంచి ఉపాయమే. గోడలు నిలవడ్డయి."

"నాకు ఈ సంగతి తోచలేదు మరియమ్మా."

"నీకేమెరుక బిడ్డా. నువ్వు గోడలు గొలిసేటోనివి. కూలగొడ్తె అందరికీ లేకుంట పోతుండె. గిప్పుడు మాకొక్కలకే లేదు. గంతే ఫరకు."

నేను ఇంటికి వచ్చి అన్నం ముట్టుకోలేదు. ఆత్మకూరులో నేనొక బాటను మాయం చేశాను. ఇక్కడ ఒక మనిషిని మాయం చేశాను. రెండుసార్లూ నా గొలుసు ఒక్క అంగుళం తప్పలేదు.

బ్రహ్మచారి స్వామి

దాన్ని ఎట్లా దిద్దుకోవాలా అని నేను తలపట్టుకుని తిరుగుతుంటే, దారి చూపించింది నేను కాదు, ఒక పసికందు.

మరో అంగడి రోజు. ఉన్నట్టుండి కుండపోత వాన. కట్టంగూరు దిక్కు నుంచి మిరపకాయల గంపతో వచ్చిన ఒక గొల్లల కోడలు, నిండు చూలాలు, తడవకుండా సావడిలోకి పరుగెత్తింది. లోపలికి పోగానే నొప్పులు మొదలయ్యాయి. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. మరియమ్మ బయట మెట్టు మీద గోనెసంచి కప్పుకుని వానలో కూర్చుని ఉంది. పంతులు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. నేనూ మల్లయ్యా ఎదురుగా సేటు దుకాణంలో నిలబడి చూస్తున్నాం.

వీరేశం సేటు గొడుగు కూడా లేకుండా బజారు దాటి పోయాడు. "జరుగు పంతులూ! నేను గూడ ఈమె చేతులల్లనే పుట్టిన. పో మరియమ్మా, లోపలికి పో!" అని అరిచాడు.

మరియమ్మ గోనెసంచి విదిలించి లోపలికి నడిచింది. పోతూ పోతూ, "పంతులూ, మొకం అటు తిప్పుకో. నీ సామిని గూడ జర తిప్పుకొమ్మను" అన్నది. అంత వానలోనూ బజారంతా గొల్లుమన్నది.

గంట తిరగకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. క్షేమం లేనిది పంతులుకే. బ్రహ్మచారి అయిన స్వామి ముందర కాన్పు! ఆయన చెవులు మూసుకుని, ఇంత మైలపడ్డ చోట స్వామి ఒక్క క్షణం ఉండడని తేల్చేశాడు. ఊరి పెద్దలు తర్జనభర్జన పడి, మర్నాడు ఎడ్లబండిలో స్వామిని ఊరి చివర గుట్ట కిందికి తీసుకుపోయి నిలబెట్టారు. స్వామికి అక్కడ మంచి నీడ దొరికింది. ఈసారి ఆయనకు నేనూ మనస్ఫూర్తిగానే దండం పెట్టాను.

ఉన్నది ఉన్నట్టు

దేవుడు పోయాడు, ముప్పు తిరిగి వచ్చింది. నక్షాలో గుడి ఉంది, సావడిలో లేదు. నెల లోపల తాలూక్దారే స్వయంగా వచ్చి తాడు పట్టించి సడక్ గీత ఖాయం చెయ్యబోతున్నాడు. సేటు నా చెయ్యి పట్టుకుని, "సామి నక్షల ఉన్నడు గదా సాబ్, గట్లనే ఉండనియ్యిరి" అని బతిమాలాడు. ఉండనిద్దామనే నాకూ ఆశ పుట్టింది. అబద్ధం అప్పటికే రాశాను, కొత్తగా చెయ్యాల్సిన పాపం ఏమీ లేదు.

మూడు రోజులు నాలో నేను కొట్లాడుకుని, చివరికి నల్లగొండ పోయి ఖాదర్ సాహెబ్ ముందర నిలబడి ఉన్నదంతా చెప్పాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆయన పాన్ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చాడు.

"ఆ సావడిలో నువ్వు ఎన్ని రోజులు కూర్చున్నావు?" అని అడిగాడు.

"కూర్చోలేదు సాబ్."

"మరి దేన్ని కొలిచావు?"

ఆయన ఆ నక్షాను నా ముందరే చింపేశాడు. "పో. వారం రోజులు ఆ సావడిలో కూర్చో. ఏది ఉందో అదే రాసుకుని రా. లేనిది ఒక్కటి రాసినా, ఉన్నది ఒక్కటి వదిలినా నాకు మొహం చూపించకు."

వారం రోజులు కూర్చున్నాను. నా ఉద్యోగం మొత్తంలో అంత మంచి వారం ఇంకొకటి లేదు. బడిపిల్లలు నా గొలుసు లంకెలు లెక్కపెట్టారు. సాలెవాళ్ళు పడుగు దువ్వడం నేర్పించారు. అంగడి రోజున మరియమ్మ నన్ను ఒక స్తంభం వెనక్కి నెట్టి, "గీ దినం ఇటు సూడొద్దు, ఇనొద్దు" అని హుకుం చేసింది. కొత్త నక్షాలో గోడలు కాకుండా లోపల నేల గీశాను. ఏ మూల ఎవరు, ఏ పూట, ఏ పనికి కూర్చుంటారో చోటు చోటునా రాశాను. అట్లాంటి నక్షా మా శాఖలో అంతకు ముందు ఎవరూ వెయ్యలేదు. వేస్తే నవ్వుతారు కూడా.

తాలూక్దారు దాన్ని చూసి నవ్వలేదు, అట్లాగని ఒప్పుకోనూ లేదు. ఖాదర్ సాహెబ్ ఆయన్ను కావాలనే అంగడి రోజున తీసుకొచ్చాడు. సావడి నిండా తల్లులు, పిల్లలు, ఆముదం వాసన. తాలూక్దారు గుమ్మంలో నిలబడి, ఇది ఎవరిది అని ఉర్దూలో అడిగాడు. ఖాదర్ సాహెబ్ దాన్ని తెలుగులో అడిగాడు. మరియమ్మ ఒళ్ళో బిడ్డను దించకుండానే తలెత్తింది.

"కరువుది సాబ్. కరువు కట్టిచ్చింది. మా అవ్వ ఈడ గంజి తాగి బతికింది, గందుకే నేనున్న. మల్ల కరువొస్తె మీ గడియారం కింద గంజి పోస్తరా?"

ఖాదర్ సాహెబ్ ఒక్క నిమిషం తటపటాయించాడు. తర్వాత ఒక్క మాట వదలకుండా ఉర్దూలో చెప్పాడు. మనమైతే మెత్తబరిచి చెప్పేవాళ్ళం. తాలూక్దారు మొహం ఎర్రబడింది. పిల్లలందరినీ ఒకసారి చూశాడు. పాత కాగితాలు తీయించమన్నాడు. తీస్తే, అది సర్కారే కట్టిన కట్టడమని తేలింది. సర్కారు మరిచిపోయినదాన్ని ఊరు కాపాడుకుంటూ వచ్చిందన్నమాట. వారం తర్వాత ఆయన తన కలంతో నక్షా మీద గీతను తానే పక్కకు తిప్పాడు. "ఎద్దులకు కళ్ళున్నాయి, అవే తిరుగుతాయి" అన్నాడట. సేటు అరుగు పోయింది. సావడి ముందు వసారా కూడా కొంత పోయింది. మిగిలినదంతా నిలిచింది. ఇప్పుడు ఆ దారిన పోయే బస్సు డ్రైవర్లు ఆ వంపు దగ్గర మమ్మల్ని తిట్టుకుంటారు. తిట్టుకోనివ్వండి.

మా అమ్మ

ఇక్కడితో ఆపేస్తే నేనేదో పెద్ద పని చేసినట్టు కనిపిస్తుంది. కాబట్టి ఇంకొక సంగతి చెప్పాలి.

సావడి నిలిచిన తర్వాత మరియమ్మ ఒక గంప సీతాఫలాలు తెచ్చి మా వాకిట్లో దించింది. నేను, "లోపలికి రా" అన్నాను. ఆమె నా భుజం మీదుగా తలుపు వెనక నిలబడ్డ మా అమ్మను చూసింది.

"ఈడనే మంచిగున్న అయ్యా" అన్నది.

మా అమ్మ ఆమె దోసిట్లో ఎత్తు నుంచి నీళ్ళు పోసింది. మరియమ్మ తాగుతూనే మా అమ్మ నడకను గమనించింది. "అమ్మకు మోకాళ్ళు పట్టినయా?" అని నన్ను అడిగింది. ఏళ్ళ నుంచి ఉన్నదే అన్నాను. "ఈడ నేను ముట్టుకుంటె ఆమెకూ తిప్పలే, నాకూ తిప్పలే. అంగడి నాడు సావడికి తోలుకరా" అని గంప ఖాళీ చేసుకుని పోయింది. ఆమె వాకిలి దాటగానే మరియమ్మ నిలబడ్డ చోట మా అమ్మ నీళ్ళు చల్లింది. ఊరి సావడి కోసం తాలూక్దారు దాకా పోయినవాణ్ణి, నా ఇంటి గడప దగ్గర నోరు తెరవలేకపోయాను. ఈ సంగతి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

అంగడి రోజున మా అమ్మను బలవంతాన సావడికి తీసుకుపోయాను. స్తంభానికి ఆనుకుని, మూతి ముడుచుకుని చాలాసేపు కూర్చుంది. మరియమ్మ ఒక్కసారి కూడా పిలవలేదు. పిల్లల పని చేసుకుంటూ పోయింది. చివరికి మా అమ్మే కాళ్ళు చాపింది. మరియమ్మ ఆ కాళ్ళను తన ఒళ్ళోకి తీసుకుని ఆముదం రాసింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు, మా అమ్మ నవ్వింది కూడా. మమ్మల్ని కన్నప్పటి ముచ్చట్లు చెబుతోందని దూరం నుంచే అర్థమైంది.

ఎవరినైనా ముట్టుకుంటే ఇంటికొచ్చి తలమీద నీళ్ళు పోసుకోకుండా పొయ్యి దగ్గరికి పోని మనిషి మా అమ్మ. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి నేరుగా పోయి పొయ్యి వెలిగించింది. అన్నం వడ్డిస్తూ, "మల్ల అంగడి ఎప్పుడురా?" అని అడిగింది.